తంపానూర్ మెట్ల మీద సినిమా కబుర్లు

బుధ, గురువారాలు

శబరి ఎక్స్‌ప్రెస్ మనవాళ్లకి అయ్యప్ప స్వాముల బండి. ఆగస్టులో నల్లబట్టలు కనబడవు గానీ, తిరువనంతపురం దాకా వెళ్తున్నామంటే చాలు, పద్మనాభస్వామి నేలమాళిగల కబుర్లు మొదలవుతాయి. "కాదండీ, డాక్యుమెంటరీ సినిమాలు చూడ్డానికి" అన్నామంటే ఆ కబుర్లు అక్కడితో ఆగిపోతాయి. గుంటూరులో మేం ఎక్కగానే పలకరించిన ఎదుటి బెర్తు ఆయన కాసేపు ఆలోచించి, "అంటే న్యూస్ రీలా?" అన్నాడు.

ఆయన్ని అని లాభం లేదు. 1948లో పెట్టిన ఫిల్మ్స్ డివిజన్ తీసే రీళ్లు దశాబ్దాల పాటు అసలు సినిమాకి ముందు వేసేవాళ్లు. వేయాలని హాలు లైసెన్సు షరతుల్లోనే ఉండేది, పైగా వాటికి అద్దె కూడా హాలువాళ్లే కట్టాలి. వరదలు, ప్రధానమంత్రి ప్రారంభోత్సవాలు, కుటుంబ నియంత్రణ. అది అయ్యేదాకా మగవాళ్లు బయట బీడీ కాల్చుకుని, పేర్లు పడే వేళకి లోపలికొచ్చేవాళ్లు. డాక్యుమెంటరీ అంటే పాఠం, అదీ ఊరికే వచ్చే పాఠం అన్న అభిప్రాయం మనలో అలా పాతుకుపోయింది.

నాతో వచ్చింది మా మాస్టారు. జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పి రిటైరయ్యారు. ఎనభైల్లో స్నేహితులతో కలిసి ఫిల్మ్ సొసైటీ నడిపారు. కాలేజీ హాల్లో దుప్పట్లు కట్టి, అద్దెకి తెచ్చిన 16 ఎంఎం ప్రొజెక్టర్ మీద బెంగాలీ సినిమాలు వేసేవాళ్లట. మోకాళ్లు సహకరించకపోయినా, "ఈసారి పోకపోతే ఇక పోలేనమ్మా" అని బయల్దేరారు.

మర్నాడు పాలక్కాడ్ దాటాక కిటికీ నిండా పచ్చదనమే. కొల్లంలో బండి ఆగినప్పుడు ప్లాట్‌ఫాం మీద జీడిపప్పు ప్యాకెట్లు అమ్ముతుంటే మాస్టారు ఒకటి కొన్నారు. నోట్లో వేసుకుని, "పలాస పప్పే నయం" అని తీర్పిచ్చేశారు. సర్వీసులో ఆరేళ్లు పలాసలో పనిచేశారు లెండి, అక్కడి పప్పు తప్ప ఇంకోటి ఆయనకి ఆనదు.

శుక్రవారం

మేం వెళ్లిన సినిమా పండగ పెట్టేది కేరళ ప్రభుత్వం వాళ్ల చలచిత్ర అకాడమీ. పూర్తి పేరు అంతర్జాతీయ డాక్యుమెంటరీ, లఘు చిత్రోత్సవం. 2008లో మొదలైంది. మేం వెళ్లింది 17వదానికి, 2025 ఆగస్టు 22 నుంచి 27 దాకా జరిగింది. డిసెంబర్లో ఇదే ఊళ్లో జరిగే పెద్ద చిత్రోత్సవం గురించి మన పత్రికలు రాస్తాయి. దాని తమ్ముడు లాంటి ఈ పండగని ఎవరూ పట్టించుకోరు. నన్నడిగితే తమ్ముడే నయం. తారలుండరు, తోపులాట తక్కువ, సినిమా తీసినవాడు మన పక్కనే నిలబడి టీ తాగుతుంటాడు.

సినిమాలన్నీ కైరళి, శ్రీ, నిళ థియేటర్లలో. మూడూ ఒకే ఆవరణలో ఉంటాయి, ప్రభుత్వ ఫిల్మ్ కార్పొరేషన్‌వి. తంపానూర్‌లో రైలు దిగి, బస్టాండు దాటి నాలుగడుగులు వేస్తే వచ్చేస్తాయి. కైరళి ముందు మెట్లున్నాయి. ప్రదర్శనకీ ప్రదర్శనకీ మధ్య జనమంతా అక్కడే కూలబడతారు. పండగ పాసు అట్ట మెడలో వేసుకున్న కాలేజీ పిల్లలు, గడ్డాలు నెరిసిన పాత సొసైటీ మనుషులు, చంకలో సంచితో రిటైరైన టీచరమ్మలు. మాస్టారు ఆ మెట్లని చూసి, "మనకి ఇక్కడే సగం రోజు గడుస్తుంది" అన్నారు. మోకాళ్ల నొప్పి మూలంగా అన్నారేమో అనుకున్నాను, కాదు.

మధ్యాహ్నం భోజనానికి బస్టాండు పక్కనే ఉన్న ఇండియన్ కాఫీ హౌస్‌కి వెళ్లాం. లారీ బేకర్ అనే ఆర్కిటెక్ట్ కట్టిన ఎర్ర ఇటుకల గుండ్రటి భవనం. లోపల అంతస్తులు లేవు, మెట్లు లేవు. గోడ వెంబడి సన్నటి వాలు మెలితిరుగుతూ పైకి పోతుంది, ఆ వాలు పొడుగునా బల్లలు. ఇటుకల మధ్య వదిలిన కంతల్లోంచి గాలీ వెలుతురూ వస్తాయి. సర్వర్లకి తెల్లబట్టలు, విసనకర్రలా విప్పారిన తలపాగాలు. 1950ల చివర్లో కాఫీ బోర్డు తన హోటళ్లు మూసేస్తుంటే, ఉద్యోగాలు పోయిన పనివాళ్లే కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ అండతో సహకార సంఘాలు కట్టి నిలబెట్టుకున్న హోటళ్లివి. మసాలా దోసెలో బీట్‌రూట్ కూర పెడతారు. మాస్టారు దోసె విప్పి, ఆ ఎరుపు చూసి, మళ్లీ మూసేసి, "కట్లెట్ తెప్పించు" అన్నారు. కట్లెట్లో కూడా బీట్‌రూటే.

ఈసారి జీవన సాఫల్య పురస్కారం డాక్యుమెంటరీ దర్శకుడు రాకేశ్ శర్మకి. 2002 గుజరాత్ మారణకాండ మీద ఆయన తీసిన 'ఫైనల్ సొల్యూషన్'కి 2004లో బెర్లిన్‌లో బహుమతులొచ్చాయి. ఆ ఏడాదే ఇక్కడ సెన్సార్ బోర్డు నిషేధించింది, కొన్ని నెలలకి గొడవలయ్యాక వదిలింది. ముంబై ప్రభుత్వ చిత్రోత్సవంలో ఇలాంటి సినిమాలకి చోటు దొరక్కపోతే, దర్శకులంతా కలిసి 'వికల్ప్' అనే పోటీ పండగ పెట్టుకుంది కూడా ఆ 2004లోనే. ఒక ప్రభుత్వ పండగ మూసిన తలుపు నుంచి మరో ప్రభుత్వ పండగ సన్మానం దాకా రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

శనివారం

మొత్తం పండగలో నాకు మిగిలింది ఈ రోజే. పొద్దున్న ప్రదర్శనలో రెండు చిన్న సినిమాలు వచ్చాయి, పోయాయి. డ్రోన్ ఎగరేసి ఊరిని పైనుంచి చూపించి, వయొలిన్ పెడితే డాక్యుమెంటరీ అయిపోదని ఈ కుర్రాళ్లకి ఎవరైనా చెప్పాలి. మూడోది కొల్లం జీడి ఫ్యాక్టరీ మీద.

దర్శకుడు పాతికేళ్ల కుర్రవాడు. సినిమాలో దాదాపు అంతా చేతులే. కాల్చిన పిక్కని రాతి మీద నిలబెట్టి, చిన్న కర్రతో ఒక్క దెబ్బ. డొల్ల రెండుగా విచ్చుకోవాలి, పప్పు విరగకూడదు. విరిగితే ధర పడిపోతుంది. డొల్లలోంచి కారే జీడినూనె చర్మాన్ని తినేస్తుంది, అందుకని మధ్యమధ్యలో వేళ్లకి బూడిద రాసుకుంటారు. అయినా గోళ్ల చుట్టూ, వేలి గీతల్లో నలుపు దిగిపోయి ఉంటుంది. ఒకామె ఇంటికెళ్లి అన్నం కలుపుకుంటుంటే కెమెరా ఆ వేళ్ల మీదే చాలాసేపు ఆగింది. ఎర్ర బియ్యం అన్నంలో నల్లటి వేళ్లు. కింద కూర్చుని పనిచేసే ఆడవాళ్ల ఎత్తులోనే కెమెరా పెట్టాడు, అది నాకు నచ్చింది. కొల్లంలో ఈ పని వందేళ్ల నాటిది. పిక్కలేమో ఎక్కువ ఆఫ్రికా నుంచి ఓడల్లో వస్తాయి. ప్రైవేటు ఫ్యాక్టరీలు చాలావరకు మూతపడ్డాయి. ఇవన్నీ మాటల్లో చెప్పకుండా, తాళం వేసిన గేటు మీదుగా పాకిన తీగని ఒకసారి చూపించి ఊరుకున్నాడు.

దీపాలు వెలిగాయి, చప్పట్లు కొట్టారు, కుర్రవాడు మైకు దగ్గరికొచ్చాడు. మొదటి ప్రశ్న మామూలే, ఏ కెమెరా వాడారు అని. రెండోది ప్రశ్న కాదు, ఉపన్యాసం. ప్రతి పండగలోనూ ఇలాంటి ఒకాయన ఉంటాడు. మూడో మైకు వెనక వరసలో అరవై దాటిన ఒకామెకి అందింది. మలయాళంలో అడిగింది. పక్కనున్న వాలంటీరు అమ్మాయి మా కోసం ఇంగ్లిష్‌లో చెప్పింది.

"మా అమ్మ ఈ పనే చేసింది. కొట్టేవాళ్లకీ, తొక్క తీసేవాళ్లకీ తూకం లెక్కన కూలి. నువ్వు షూటింగ్ చేసిన రోజుల్లో ఆ సినిమాలో ఆమె తూకం తగ్గిందా?"

కుర్రవాడు వెంటనే జవాబు చెప్పలేదు. తగ్గిందన్నాడు. 'ఇంకోసారి కొట్టండమ్మా, ఫోకస్ పోయింది' అన్న ప్రతిసారీ ఆమె చేయి ఆగింది. మొదట్లో ఆ సంగతే తనకి తట్టలేదు. ఎడిటింగ్ చేసిన స్నేహితురాలు ఫుటేజి చూస్తూ, ఆమె పక్కనున్న గిన్నె నిండడం లేదేంటని అడిగితే అప్పుడు అర్థమైంది. తర్వాత ఆ రోజుల కూలి లెక్కగట్టి ఇచ్చాడు.

ఇక హాల్లో గొడవ మొదలైంది. డబ్బిచ్చి తీస్తే అది డాక్యుమెంటరీ ఎలా అవుతుందని ఒకాయన. ఇవ్వకుండా తీస్తే దోపిడీ కాదా అని ఇంకొకామె. పోయిన కూలి ఇవ్వడం వేరు, నటించినందుకు ఇవ్వడం వేరు అని ముందు వరసలో ఒక పెద్దాయన సర్దిచెప్పబోయాడు. ఎవరూ వినలేదు. తర్వాతి సినిమాకి టైమైపోయిందని నిర్వాహకులు మైకు లాక్కుంటే గొడవ కాస్తా మెట్ల మీదికొచ్చింది. ఆ పెద్దామె మాత్రం తనకి జవాబు దొరికిందన్నట్టు సంచి సర్దుకుని వేరే సినిమాకి వెళ్లిపోయింది.

మాస్టారు ఆ కుర్రవాణ్ణి వదల్లేదు. టీ ఇప్పించి, అరటిపండు బజ్జీ ఇప్పించి, పలాస కథంతా చెప్పారు. ఉద్దానం తోటలు, కాశీబుగ్గ వీధుల్లో ఇంటి అరుగుల మీద పిక్కలు కొట్టే ఆడవాళ్లు, 2018లో తిత్లీ తుఫానుకి వేర్లతో సహా పడిపోయిన జీడి చెట్లు. కుర్రవాడు పలాస పేరు విన్నాడు, ఎక్కడుందో తెలీదు. వాళ్ల ఫ్యాక్టరీ ఆడవాళ్లకీ మన పలాస ఆడవాళ్లకీ వేళ్ల మీద నలుపు ఒకటే, ఒకళ్లున్నట్టు ఇంకొకళ్లకి తెలీదు. "ఈ సినిమా పలాసలో వేద్దాం బాబూ" అన్నారు మాస్టారు. మర్యాదకి అన్నారనుకున్నాను.

ఆదివారం

ఊరంతా సినిమాకొచ్చినట్టుంది. ముందురోజు ఫోన్లో సీటు బుక్ చేసుకున్నా గంట ముందే లైన్లో నిలబడాలి. ఒక ప్రదర్శనకి జనం నడవాల్లో కింద కూర్చున్నారు. డాక్యుమెంటరీకి! మాస్టారికి ఒక కాలేజీ పిల్ల లేచి సీటిచ్చింది.

ఇంత జనం ఊరికే తయారవలేదు. దర్శకుడు అడూర్ గోపాలకృష్ణన్, మిత్రులు ఇదే ఊళ్లో చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీ పెట్టింది 1965లో. తర్వాత రాష్ట్రమంతా చిన్న చిన్న పట్టణాల్లో కూడా సొసైటీలు పుట్టాయి. 1984లో మలయాళ దర్శకుడు జాన్ అబ్రహాం, స్నేహితులు ఒడెస్సా అని సంఘం కట్టి, డప్పు కొట్టి, వీధి నాటకాలాడి, జనం దగ్గర చందాలు పోగేసి 'అమ్మ అరియాన్' సినిమా తీశారు. మన సొసైటీలు కూడా ఆ రోజుల్లోనే మొదలయ్యాయి కదా, ఏమైపోయాయి అని మాస్టారిని అడిగాను. "టీవీ వచ్చింది, వీడియో వచ్చింది, మాకు పిల్లల పెళ్లిళ్లొచ్చాయి" అన్నారు. ఇక్కడ మాత్రం టీవీ రాలేదా? వాళ్ల పిల్లలకి పెళ్లిళ్లు కాలేదా? ఇక్కడ ప్రభుత్వం 1998లో అకాడమీ పెట్టి ఆ అలవాటుకి ఒక ఇల్లు కట్టింది. మనకి స్టూడియోలకి స్థలాలిచ్చిన ప్రభుత్వాలున్నాయి గానీ, చూసేవాళ్ల కోసం ఏదన్నా కట్టిన ప్రభుత్వం నాకైతే గుర్తురావడం లేదు.

సాయంత్రం మెట్ల మీద ఒక పాత డెలిగేటు పరిచయమయ్యాడు. మాది గుంటూరు అనగానే, "రోహిత్ వేముల ఊరు" అన్నాడు. మా ఊరి పేరు చెప్తే మిరపకాయల మాటెత్తని మనిషిని మొదటిసారి చూశాను. 2017 పండగ గురించి చెప్పాడు. చిత్రోత్సవాల్లో వేసే సినిమాలకి సెన్సార్ సర్టిఫికెట్ అక్కర్లేదు, కానీ కేంద్ర సమాచార శాఖ మినహాయింపు ఇవ్వాలి. ఆ ఏడాది మూడు సినిమాలకి ఇవ్వలేదు. ఒకటి రోహిత్ గురించి, ఒకటి జేఎన్‌యూ ఆందోళనల మీద, ఒకటి కశ్మీర్ మీద. రెండేళ్ల తర్వాత డాక్యుమెంటరీ దర్శకుడు ఆనంద్ పట్వర్ధన్ తీసిన 'వివేక్'కీ అదే జరిగింది. అప్పటికే ఆమ్‌స్టర్‌డాం ఉత్సవంలో పెద్ద బహుమతి గెలిచిన సినిమా. అప్పుడు మాత్రం కేరళ హైకోర్టు వేసుకోమంది. ఆ రోజు హాల్లో తను నిలబడే చూశానని చెప్పాడాయన. దగ్గరదగ్గర నాలుగు గంటల సినిమా అది.

2023లో ఇక్కడ జీవన సాఫల్య పురస్కారం అందుకున్న దీపా ధన్‌రాజ్ కూడా రోహిత్ మరణం తర్వాతి ఉద్యమం మీద 2018లో ఒక సినిమా తీశారు. ఆవిడ 1984 హైదరాబాద్ మతకల్లోలాల మీద 1986లో 'క్యా హువా ఇస్ శహర్ కో' తీశారు. అంతకు ముందే, 1983లో, హైదరాబాద్ మహిళా సంఘం 'స్త్రీశక్తి సంఘటన'తో కలిసి ఆవిడ ఉన్న యుగాంతర్ బృందం తెలుగులో 'ఇది కథ మాత్రమేనా' తీసింది, ఇంట్లో ఆడదాని మీద జరిగే హింస గురించి. మన గురించి తీసిన సినిమాల చిట్టా తంపానూర్ మెట్ల మీద ఒక మలయాళీ చెప్తుంటే వినాల్సొచ్చింది.

సోమవారం

వాన. మాస్టారి మోకాళ్లు వాచాయి. పొద్దున్న సినిమాలు మానేసి ఆటోలో వెళ్ళయంబలం వెళ్లి అయ్యంకాళి విగ్రహం చూసొచ్చాం. దళితులు నడవకూడదన్న రోడ్ల మీద 1893లో ఎడ్లబండి ఎక్కి తిరిగిన మనిషి. మధ్యాహ్నం చూసిన యానిమేషన్ సినిమాలు సరదాగా ఉన్నాయి, ఒక్కటీ గుర్తులేదు. లాడ్జిలో వేడినీళ్లు అడిగితే గులాబీ రంగులో ఏవో చెక్కలు మరిగించిన నీళ్లిచ్చారు. స్నానానికి కాదు, తాగడానికి.

మంగళవారం

ఓణం సందడి మొదలైంది. ఈ రోజు అత్తం, తిరువోణానికి పది రోజుల ముందు నుంచీ ఇళ్ల ముందు పూలముగ్గులు వేస్తారు. మా లాడ్జి గుమ్మంలో కూడా చిన్నది వేశారు.

మెట్ల మీద ఈ రోజంతా డబ్బు గోలే. ఎవరి నోట విన్నా అదే. ఇదివరకు ప్రభుత్వ డబ్బుతో తీయడానికి ఫిల్మ్స్ డివిజన్ ఉండేది, ఇప్పుడది కేంద్ర ప్రభుత్వ ఫిల్మ్ కార్పొరేషన్ ఎన్ఎఫ్‌డీసీలో కలిసిపోయింది. టీవీ ఛానెళ్లు కొనవు. ఇక మిగిలింది విదేశీ ఫండ్లు. 2022లో 'ఆల్ దట్ బ్రీత్స్'కి కాన్స్‌లో డాక్యుమెంటరీ బహుమతొచ్చింది, అంతకు ముందు ఏడాది పాయల్ కపాడియా సినిమాకీ అదే వచ్చింది. 2023లో 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' ఆస్కార్ తెచ్చింది. అయినా మన ఊరి హాల్లో టికెట్ కొని డాక్యుమెంటరీ చూడాలంటే కుదరదు. విదేశీ డబ్బుతో తీసే సినిమాల్లో నాకొక తేడా కనబడుతోంది. మనకి తెలిసినవే మనకి విడమరిచి చెప్తుంటాయి, ఎవరో దూరంగా కూర్చున్నవాళ్ల కోసం. ఇదే మాట ఒక దర్శకురాలితో అంటే కోప్పడలేదు. "నువ్వు డబ్బిస్తావా?" అంది నవ్వుతూ. సమాధానం లేదు నా దగ్గర.

సాయంత్రం ఒక సినిమా తర్వాత కెమెరా ఎవరి చేతిలో ఉండాలి అన్న దగ్గర మాట ఆగింది. అప్పుడు లేచారు మాస్టారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్ల గురించి చెప్పారు. బడి మొహం చూడని దళిత రైతు ఆడవాళ్లు కెమెరా పట్టుకుని, వరంగల్ పత్తి రైతుల వెంట మూడు సీజన్లు తిరిగి, బీటీ పత్తి మోసం మీద సినిమా తీశారు. పైనుంచి కిందికి చూసే షాట్‌ని వాళ్లు పటేల్ షాట్ అంటారు, గడి మీంచి దొర చూసినట్టు. మనిషి కళ్ల ఎత్తులో పెడితే సంగం షాట్. హాలంతా నవ్వుతూ చప్పట్లు. శనివారం నాటి కుర్రవాడు ఫోన్లో రాసుకుంటున్నాడు. బయటికొచ్చాక మాస్టారికి వణుకు, కాస్త గర్వం కూడా. "నా ఇంగ్లిష్ ఎలా ఉందమ్మా?" అని నాలుగుసార్లు అడిగారు.

బుధవారం

వినాయక చవితి. ఇక్కడ మనలా వీధికో పందిరి ఉండదు. లాడ్జిలో పూజ ఎలాగూ కుదరదు కాబట్టి, ఈస్ట్‌ఫోర్ట్ దగ్గర పళవంగాడి గణపతి గుడికి వెళ్లాం. అక్కడ మొక్కంటే కొబ్బరికాయ విసిరి పగలగొట్టడమే, వరసగా ఫట్ ఫట్‌మని. ఉండ్రాళ్లు లేని చవితి మాస్టారికి బాగా లోటనిపించింది.

బహుమతుల్లో జీడి సినిమా లేదు. నాకు చికాకు వేసింది. మాస్టారు అసలు పట్టించుకోలేదు, ఆయన హడావిడి వేరే ఉంది. హాలు బయట నిలబడి పలాసలోని పాత శిష్యుడికి ఫోన్ చేస్తున్నారు. ఆ శిష్యుడు కాశీబుగ్గలో పందిరి కమిటీ పెద్దట. నవరాత్రుల్లో దాదాపు అన్ని రాత్రులకీ కార్యక్రమాలు ఒప్పేసుకున్నారు. కోలాటానికీ పాటకచేరీకీ మధ్య ఒక్క రాత్రి మిగిలింది. తెరా మైకూ వాళ్లవే, ప్రొజెక్టర్ మాత్రం మనం తెచ్చుకోవాలి. గంటకి మించకూడదు. ముందు ఒక వినాయకుడి పాట పడాలి. మాస్టారు అన్నిటికీ సరే అన్నారు.

కుర్రవాడు లింకు పంపడానికి ఒప్పుకున్నాడు, పైసా అడగలేదు. ఒక్కటే షరతు పెట్టాడు. చూశాక పలాస ఆడవాళ్లు ఏమన్నారో రికార్డు చేసి పంపాలి, వాటిని కొల్లంలో వినిపిస్తాడు. ఇక భాష సంగతి. సినిమా మలయాళంలో ఉంది, కింద అక్షరాలు ఇంగ్లిష్‌లో. పందిట్లో మైకు పట్టుకుని తనే చెప్తానని మాస్టారు మొదలుపెట్టారు గానీ, కుర్రవాడు ఒప్పుకోలేదు. అంత మాట్లాడితే కర్ర దెబ్బల చప్పుడు వినబడదన్నాడు. చివరికి ఆ పని నా నెత్తిన పడింది. రైల్లో ఒంగోలు వచ్చేలోపు తెలుగు సబ్‌టైటిల్స్ పూర్తి చేయాలట, పై బెర్తు నాకే వదిలేశారు.